జాతకములతో పాటు రక్తపరీక్ష

పరభాషా ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములకు సంబంధములు కుదుర్చుకొనుట సులభమైన పని కాదు. మన భాష, మన ఆచారము తెలిసినవారు చేరువలో కొద్దిమందియే. అందుచేత మేనమామ కూతురనియు, అక్క కూతురనియు ఆ నాలుగిండ్లలోనే ఇచ్చి పుచ్చుకొనుచున్నాము. దీనిని నిందించు హక్కు మాకు లేదు, మాదియు మేనరికమే.

అయినను బీటా థలసీమియా అను వంశపారంపర్య రక్తవ్యాధిని గూర్చి చెప్పక తప్పదు. తల్లిదండ్రులలో ఒక్కరి నుండియే ఈ దోషము సంక్రమించినవారిని వాహకులందురు. వారు ఆరోగ్యముగనే తిరుగుచుందురు. మన దేశమున నూటికి 3, 4గురు ఇట్టివారని అంచనా. ఇరువురి నుండియు సంక్రమించిన బిడ్డ సైతము పుట్టినపుడు చక్కగనే యుండును. గర్భములోని హీమోగ్లోబిన్ వేరు రకము. దానికి ఈ దోషమంటదు. కొన్ని నెలలకు అది తగ్గి, దాని స్థానమున పెద్దల రకము రావలసియుండగా రాదు. బిడ్డ పాలిపోవును, బరువు పెరుగదు. లోటు పూడ్చుటకై మూలుగ విపరీతముగ పెరిగి నుదురు, చెంపల ఎముకలు ఉబ్బును. 2, 4 వారములకొకసారి రక్తమెక్కించుచుండవలెను. ఆ రక్తములోని ఇనుము గుండెలో, కాలేయములో, గ్రంథులలో పేరుకొనును. దానిని తొలగించు మందు క్రమముగ పడనిచో ఎదుగుదల కుంటుపడును. 14 ఏండ్ల పిల్ల 9 ఏండ్ల దానివలె కనబడును.

దంపతులిరువురును వాహకులైనచో ప్రతి కాన్పునందును నాలుగింట ఒక వంతు ప్రమాదము. మొదటి బిడ్డకు వచ్చినది గనుక పై ముగ్గురికి రాదనుట అంగడి లెక్క. ఇచట ప్రతి కాన్పునకు లెక్క మరల మొదటికే వచ్చును. తాత యొక్కడు వాహకుడైనచో మనుమనికి, మనుమరాలికి చెరి నాలుగింట ఒక వంతు అవకాశము. మేనరికమున ఆ ఇరువురును ఒకే పీటపై కూర్చుందురు. బయటి సంబంధమునకును భయము లేకపోలేదు, తక్కువ మాత్రమే.

ఇట్టి బిడ్డ కలిగిన ఇంట కోడలిని ఆడిపోసికొనుట మేమెరుగుదుము. కొడుకు నుండియు దోషము రానిదే ఈ వ్యాధి రాదు.

హీమోగ్లోబిన్ ఎ2 పాలు చూచు రక్తపరీక్షచే వాహకులెవరో సాధారణముగ తెలియును. ఒక్కరే వాహకులైనచో వివాహమునకు అడ్డు లేదు. ఇరువురును అయినచో వైద్యుని సలహా లేక ముహూర్తము పెట్టరాదు. పిల్లకు పరీక్ష యనిన ఊరంతయు గుసగుసలాడునని తల్లుల భయము, అది న్యాయమైనదే. కావున ముందు అబ్బాయి రక్తమునే చూపింపుడు. అతనికి దోషము లేనిచో పిల్లను సూదితో పొడువ పనియే లేదు.