ఓడే జట్టును తిట్టవచ్చునా?

2024 సెప్టెంబరు 3వ తేదీ సాయంత్రం గచ్చిబౌలి బాలయోగి మైదానంలో భారత ఫుట్‌బాల్ జట్టు మారిషస్‌తో ఆడింది. ఆ వారమే రెండు తెలుగు రాష్ట్రాలనూ వరదలు ముంచెత్తాయి. విజయవాడ నీళ్ళలో ఉన్నది, ఖమ్మం నీళ్ళలో ఉన్నది. అటువంటి రోజుల్లో ఆటకు బయలుదేరడమేమిటని ఇంట్లో ఆక్షేపణ వచ్చింది. అది సహేతుకమే. అయినా మా మేనమామ పట్టుబట్టి బయలుదేరదీశారు. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్ళు. సికిందరాబాదులో పుట్టి, అక్కడే ఉద్యోగం చేసి, అక్కడే విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. చిన్నతనంలో తండ్రి భుజం మీద కూర్చుని సిటీ పోలీసు జట్టు ఆటలు చూశానని చెబుతూ ఉంటారు.

మారిషస్ అంటే పట్టుమని పదమూడు లక్షల జనాభా లేని ద్వీపదేశం. ప్రపంచ ర్యాంకుల్లో అప్పటికి 179వ స్థానంలో ఉన్నది. మనది 124. కొత్త కోచ్ మానొలో మార్కెజ్‌కు అది మొదటి ఆట. తొంభై నిమిషాలు గడిచినా ఇరువైపులా ఒక్క గోల్ లేదు. మనవాళ్ళు బంతిని ఒకరికొకరు అందించుకుంటూ, అందించుకుంటూ, చివరికి గోల్ దగ్గరకు వచ్చేసరికి ఏదో మరచిపోయినవారి వలె నిలబడిపోయేవారు. నా వెనుక వరుసలో ఒక పెద్దమనిషి ఒక కుర్ర ఆటగాణ్ణి పట్టుకుని, అతని కాళ్ళను, తిండిని, కన్నవారిని కూడా వదలకుండా తిట్టడం మొదలుపెట్టాడు. కాసేపటికి నేనూ గొంతు కలిపాను. ఏమని అరిచానో ఇక్కడ వ్రాయడానికి సిగ్గుగా ఉన్నది.

మామయ్య నా మోచేయి పట్టుకుని కూర్చోబెట్టారు. "తిట్టుకో, తప్పు లేదు. కాని ఎవర్ని తిడుతున్నావో చూసుకుని తిట్టరా" అన్నారు. అంతకుమించి ఆ సాయంత్రం ఆయన మాట్లాడలేదు. ఆ మాట మాత్రం నాతో ఇంటికి వచ్చింది.

మరునాడు ఈ సంగతి ఒక మిత్రునితో ప్రస్తావిస్తే ఆయన మండిపడ్డారు. నిజమైన అభిమాని ఓటమి వేళ నోరెత్తడు, తల్లికి జబ్బు చేస్తే తల్లిని తిడతామా, అని ఆయన వాదం. ఉపమానం వినడానికి బాగానే ఉన్నది. తల్లికి జబ్బు చేస్తే తల్లిని తిట్టం, నిజమే. కాని కబురు పంపినా వైద్యుడు రాకపోతే? మందుకని ఇచ్చిన డబ్బు దారిలో ఎవరో మింగితే? అప్పుడు కూడా నోరు మూసుకుని మంచం పక్కన కూర్చునేవాణ్ణి మంచి కొడుకు అంటామా? మిత్రుడు ఉపమానాన్ని సగంలో ఆపేశాడని నాకు అనిపించింది.

నిజానికి ఈ ప్రశ్నకు సమాధానం వెతకడానికి మనం మైదానం దాకా పోనక్కరలేదు. తెలుగువాడికి నిందాస్తుతి కొత్తది కాదు. కాసుల పురుషోత్తమకవి శ్రీకాకుళాంధ్రదేవుణ్ణి ఉద్దేశించి ఒక శతకమంతా ఎత్తిపొడుపులతో నింపాడు. గోగులపాటి కూర్మనాథకవి దండయాత్ర వచ్చి మీద పడుతుంటే కదలని సింహాచల నారసింహుణ్ణి నిలదీశాడు. ఇక గోలకొండ చెరసాలలో మగ్గిన కంచెర్ల గోపన్న సంగతి చెప్పనే అక్కరలేదు. దేవుడికి చేయించిన నగల పద్దు దేవుడికే ఒప్పజెప్పి, ఎవడి సొమ్మని కులుకుతున్నావని అడిగిన భక్తుడాయన. ఆ తిట్లు విని ఆయన భక్తిని శంకించినవాడు ఈ నేల మీద ఎవడూ లేడు. పైగా ఆయన పేరే రామదాసు అయింది.

ఆ తిట్లలో గమనించవలసిన సంగతులు రెండున్నాయి. గోపన్న గుడి విడిచిపోయి, బయట నిలబడి తిట్టలేదు. తిడుతున్నప్పుడు కూడా ఆయనకు మరో దేవుడు లేడు. అది ఒకటి. రెండోది ఇంకా ముఖ్యం. ఆయన తిట్టు ఎప్పుడూ పైకే పోయింది. సాక్షాత్తు యజమానిని, చేయగలిగి ఉండీ చేయనివాణ్ణి అడిగాడు. గుడిలో దీపం పెట్టే కుర్రవాణ్ణి కాదు. మామయ్య నా మోచేయి పట్టుకుని చెప్పింది ఇదే కాబోలు.

మన ఫుట్‌బాల్ చరిత్రలో కూడా కోపం సరైన చోట తగిలిన సందర్భం ఒకటి ఉన్నది. 1952 హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో మనవాళ్ళు 10–1తో ఓడారు. ఆ జట్టులో అత్యధికులు ఉత్త కాళ్ళతో ఆడారు. అంతకు నాలుగేళ్ళ కిందట లండనులో ఉత్త కాళ్ళతోనే ఆడి ఫ్రాన్సుతో 2–1 తేడాలో ఓడినప్పుడు ఆ పాదాలను చూసి అందరూ ముచ్చటపడ్డారు. ఆ ముచ్చటే మనల్ని కొంత చెరిపిందని నా అనుమానం. హెల్సింకీ తరువాత ఇక ముచ్చట పడడానికి ఏమీ మిగలలేదు. అఖిల భారత సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. ఆ 10–1కి కోచ్‌గా ఉన్న సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదువాడే. ఆయన్ని ఆ ఒక్క ఓటమితో ఇంటికి పంపి ఉంటే తరువాతి కథ జరిగేది కాదు. 1956 మెల్‌బోర్నులో ఆయన జట్టు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనలుకు చేరింది, నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తాలో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరాం ఈ రెండు జట్లలోనూ ఉన్నాడు.

జకార్తా ఫైనలు రోజున లక్ష మంది దాకా ప్రేక్షకులు మనవాళ్ళ మీద బుసకొట్టారు. ఇజ్రాయెలును, తైవానును ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని మన దేశపు క్రీడాధికారి ఒకాయన తప్పుపట్టాడని అక్కడివారి ఆగ్రహం. మొదటి ఆటలో తమను 2–0తో ఓడించిన దక్షిణ కొరియానే మన జట్టు ఆ హోరు మధ్య 2–1తో గెలిచింది. తలకు కుట్లతోనే జర్నైల్ సింగ్ ఒక గోల్ కొట్టాడు. పరాయివాడి తిట్టు మనిషికి ఒక్కోసారి బలమిస్తుంది. మనవాడి తిట్టు అలా కాదు, లోపలికి దిగుతుంది. అందుకనే మనవాడు ఆచితూచి తిట్టవలసి ఉంటుంది. మిత్రుడి వాదంలో ఈ మేరకు సత్యం ఉన్నదని ఒప్పుకుంటాను.

ఇంతకీ ఆటగాళ్ళు ఏమంటారు? 2018 జూన్ 1న ముంబయిలో చైనీస్ తైపేను మనవాళ్ళు 5–0తో ఓడించారు. నాయకుడు సునీల్ ఛెత్రి మూడు గోల్సు కొట్టాడు. ఆ ఆటను చూడడానికి వచ్చినవారు రెండున్నర వేల చిల్లర. మరునాడు ఛెత్రి ఒక వీడియోలో కనిపించి చేతులు జోడించాడు. మా ఆట ఐరోపా జట్ల స్థాయిలో ఉండదు, ఆ సంగతి మాకు తెలుసు, అయినా మైదానానికి రండి, వచ్చి మమ్మల్ని మెచ్చుకోండి లేదా మా ముఖం మీదే తిట్టండి, అన్నది ఆయన చెప్పిన మాటల సారాంశం. ఆ వీడియో వచ్చిన రెండు రోజులకు కెన్యాతో ఆట జరిగింది. అది ఆయనకు నూరవ ఆట. మైదానం కిక్కిరిసిపోయింది. అప్పటికి దేశంలో అందరికంటె ఎక్కువ గోల్సు కొట్టినవాడు పొగడ్త అడగలేదు. తిట్టడానికైనా సరే, రమ్మన్నాడు. తిట్టుకంటె ఖాళీ కుర్చీకే ఆయన ఎక్కువ భయపడ్డాడు.

ఆ ఖాళీ కుర్చీ ఏం చేయగలదో మన ఊళ్ళోనే చూశాం. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. మొదటి సంవత్సరం అట్టడుగున నిలిచింది. తరువాత రెండేళ్ళు కోవిడు కారణంగా ఐఎస్‌ఎల్ ఆటలన్నీ గోవాలోనే జరిగాయి. 2022 మార్చి 20న ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్సును పెనాల్టీలలో ఓడించి మనవాళ్ళు విజేతలయ్యారు. గోల్‌కీపర్ కట్టిమణి ఆ పెనాల్టీలలో మూడింటిని ఆపాడు. ఆ రాత్రి మైదానమంతా పసుపు రంగే. రెండు జట్ల రంగూ పసుపే కావడంతో కేరళవాళ్ళు నల్లచొక్కాలతో ఆడవలసి వచ్చింది. కాని కుర్చీలలోని ఆ పసుపు మాత్రం అత్యధికంగా వాళ్ళది. అంటే మన ఊరి జట్టు మన ఊళ్ళో ఒక్క ఆటా ఆడకుండానే, మనం చూడకుండానే, దేశంలో మొదటిదయింది. ఆ జట్టును తీర్చిదిద్దినవాడు ఈ మానొలోనే.

తరువాతి పతనం వేగంగా జరిగింది. 2023–24లో జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్ళను తీసుకోకుండా ఫిఫా నిషేధం, పేరున్నవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోవడం. మిగిలిన కుర్రవాళ్ళతో 22 ఆటలు ఆడి ఒక్కటి గెలిచారు. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకున్నది. నగరంలో ఒక ఊరేగింపు లేదు, ఒక నల్లజెండా లేదు. ఉన్న కొద్దిపాటి నికరమైన అభిమానులు గొంతెత్తే ఉంటారు, వారికి నా నమస్కారం. కాని కోటి మంది ఉన్న నగరంలో మనమెవ్వరం అడగలేదు. నేనూ అడగలేదు. రెండుసార్లు వెళ్ళి, ఆట బాగా లేదని మూడోసారి మానేశాను. నోరు మెదపని ఆ మర్యాదను విధేయత అనగలమా?

కేరళవాళ్ళను చూడండి. 2014, 2016, 2022 సంవత్సరాలలో మూడు ఫైనళ్ళు ఓడినా కొచ్చి మైదానం వదలలేదు. 2024–25లో జట్టు దిగజారినప్పుడు అక్కడి అభిమాన సంఘం మంజప్పడ యాజమాన్యం మీద బాహాటంగా నిరసనకు దిగింది. టికెట్లు తీసుకుని అమ్మిపెట్టే పని ఇక చేయబోమన్నది. అలాగని జట్టును విడిచిపెట్టలేదు. మైదానంలోని కుర్రవాళ్ళకు చప్పట్లు, మేడ మీది గదిలోని పెద్దలకు ప్రశ్నలు. నగల పద్దు విప్పిన గోపన్న ఒరవడి ఇదే.

ఇక దేశపు జట్టు సంగతి. 2024లో మనవాళ్ళు 11 ఆటలు ఆడి ఒక్కటీ గెలవలేదు. జనవరిలో ఆసియా కప్పులో మూడు ఆటలలో ఒక్క గోలైనా లేదు. మార్చిలో గౌహతిలో, ఛెత్రి నూట యాభయ్యో ఆటలో, అఫ్ఘనిస్తాన్ చేతిలో 2–1తో ఓడారు. ఆ సంవత్సరమంతా తిట్లు తిన్నది ఎవరు? గోల్ ముందు తడబడ్డ ఇరవై రెండేళ్ళవాడు. ఛెత్రి తరువాత గోల్సు కొట్టే ముందువరుస ఆటగాడు దేశంలో తయారు కాలేదంటే దానికి ఆ ఒక్కడి కాలు కారణమా? మన క్లబ్బులలో ఆ స్థానం ఏళ్ళ తరబడి విదేశీయులదే. ఊళ్ళలో పిల్లలకు ఏడాది పొడుగునా పోటీలు లేవు. 2022 ఆగస్టులో సమాఖ్య పాలన వివాదంతో ఫిఫా మనల్ని పదకొండు రోజులు వెలివేసింది. 2025 జూలైలో ఒప్పందాలు తెమలక ఐఎస్‌ఎల్ పోటీలనే నిలిపివేస్తున్నామన్నారు. ఆట ఉంటుందో లేదో తెలియని ఆటగాడు అక్టోబరులో సింగపూరు చేతిలో ఓడి 2027 ఆసియా కప్పు అవకాశం పోగొట్టుకుంటే, వాడి కన్నవాళ్ళను తిట్టడం ఎంత సులభమో అంత నిష్ప్రయోజనం. అందులో ధైర్యమూ లేదు. వాడు తిరిగి మాట అనలేడని మనకు తెలుసు.

ఆటగాణ్ణి అసలు అననే కూడదని నేననను. బంతి పోగొట్టుకుని పరుగెత్తకుండా నిలబడితే అనవలసిందే. కాని అది ఆ బంతి గురించి, ఆ నిమిషం గురించి ఉండాలి. వాడి పుట్టుక గురించి కాదు. హెల్సింకీ తరువాత పనికివచ్చినది "బూట్లు వేసుకోండి" అన్న మాట. "మీరెందుకు పనికివస్తారు" అన్న మాట ఏ దేశంలోనూ గోల్ కొట్టిపెట్టలేదు.

ఇదంతా ఇక్కడ ఇంత సాధికారంగా వ్రాస్తున్నాను గాని, ఆచరణ వేరు. అదే సంవత్సరం నవంబరు 18న అదే గచ్చిబౌలిలో మలేషియాతో ఆట జరిగింది. మామయ్య మఫ్లరు చుట్టుకుని వచ్చారు. ఈసారి నేను నోరు విప్పకూడదని ముందే నిశ్చయించుకున్నాను. 19వ నిమిషంలో మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ పనిలేకపోయినా గోల్ వదిలి ముందుకు ఉరికాడు. బంతి అందలేదు. వెనుక ఖాళీగా ఉన్న గోల్లోకి మలేషియావాడు తాపీగా కొట్టాడు.

నా పక్కన ఒక కేక వినబడింది. మామయ్య లేచి నిలబడి ఉన్నారు. సికిందరాబాదు ఉర్దూలో, తెలుగులో కలిపి, గుర్‌ప్రీత్ ఆరున్నర అడుగుల ఎత్తు మీద ఆయన చేసిన వ్యాఖ్యలు ఇక్కడ వ్రాయదగినవి కావు. చుట్టుపక్కల కుర్రవాళ్ళు తలలు తిప్పి చూశారు.

"మామయ్యా, ఎవర్ని తిడుతున్నారో చూసుకున్నారా?" అన్నాను.

ఆయన కూర్చుని మఫ్లరు సర్దుకున్నారు. "వాడు మనవాడురా" అని గొణిగారు. ఆ తరువాత ఇరవై నిమిషాలకు కార్నరు నుంచి వచ్చిన బంతిని రాహుల్ భేకే తలతో గోల్లోకి కొట్టినప్పుడు ఆయన నాకంటె ముందు లేచారు. ఆట 1–1తో ముగిసింది. బయట ఆటోవాడు మూడింతలు అడిగాడు. మామయ్య ఇంకా గుర్‌ప్రీత్ దగ్గరే ఉన్నారు, బేరమాడే పని నాకు వదిలేశారు.