నిజం నిలకడ మీద

క్రీడలు దేహదారుఢ్యానికే గాక శీలనిర్మాణానికి కూడా తోడ్పడతాయని పెద్దలు చెబుతారు. అయితే ఒక క్రీడ ఎటువంటి శీలాన్ని తీర్చిదిద్దుతుందన్నది ఆ ఆట నియమాల మీదనే ఆధారపడి ఉండదు. ఆటగాళ్ళ యోగ్యతను కొలిచే పద్ధతి మీద కూడా ఆధారపడి ఉంటుంది. ఒక్కరోజు ఫలితాన్ని బట్టి యోగ్యతను తేల్చడం ఒక పద్ధతి. నెలల తరబడి ఆడిన ప్రతి ఆటనూ లెక్కలోకి తీసుకోవడం మరొక పద్ధతి. అమెరికా కళాశాలల్లో విస్తరించిన అల్టిమేట్ ఫ్రిస్బీ క్రీడ రెండవ పద్ధతికి చక్కని ఉదాహరణ. ఇది న్యాయనిర్ణేత లేకుండా సాగే ఆట. అటువంటి ఆటకు పాయింట్ల లెక్క మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది ఆలోచింపదగిన ప్రశ్న.

ఈ ఆట 1968లో న్యూజెర్సీ రాష్ట్రంలోని మేపుల్‌వుడ్‌లో, కొలంబియా ఉన్నత పాఠశాల విద్యార్థుల చేతుల్లో రూపుదిద్దుకుంది. తరువాతి కాలంలో హాలీవుడ్ చిత్రనిర్మాతగా ప్రసిద్ధుడైన జోయెల్ సిల్వర్ ఆ విద్యార్థుల్లో ఒకరు. 1972 నవంబరు 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయాల మధ్య తొలి అంతర్ కళాశాల పోటీ జరిగింది. అందులో రట్గర్స్ జట్టు 29-27తో నెగ్గింది. ఒక్కొక్క జట్టులో ఏడుగురు ఆడతారు. 175 గ్రాముల ప్లాస్టిక్ డిస్కును ఒకరికొకరు విసురుకుంటూ ముందుకు సాగి, మైదానం చివర నిర్దేశించిన ప్రాంతంలో పట్టుకోగలిగితే ఒక గోలు లభిస్తుంది. డిస్కు చేతిలో ఉన్నవారు పరుగెత్తరాదు. పది సెకన్లలోగా విసరాలి. డిస్కు నేలకు తాకితే అది ఎదుటి జట్టు సొంతమవుతుంది.

ఈ క్రీడకు ప్రాణం దాని నియమాల్లో కంటే వాటిని అమలు జరిపే తీరులో ఉంది. తప్పు జరిగిందని ఆటగాడే చెప్పాలి. ఎదుటివారు అంగీకరించకపోతే ఇద్దరూ మాట్లాడుకొని, అప్పటికీ పొసగకపోతే డిస్కును విసిరినవారికే తిరిగి ఇచ్చి ఆట కొనసాగించాలి. మన పల్లెల్లో గోళీలు, గూటీబిళ్ళ ఆడే పిల్లలకు కూడా తీర్పరి ఉండడు. తగవు వచ్చినా వారే తీర్చుకుంటారు. లేకపోతే ఆట ఆగిపోతుందని వారికి తెలుసు. ఆ సంప్రదాయాన్నే అల్టిమేట్ విశ్వవిద్యాలయాల స్థాయికి తీసుకుపోయింది.

అమెరికాలో కళాశాల జట్లు శీతకాలం చివరి నుండి వసంతం వరకు, ఎక్కువగా శని, ఆదివారాల్లో, వేర్వేరు ఊళ్ళలో జరిగే టోర్నమెంట్లలో పాల్గొంటాయి. గుర్తింపు పొందిన ప్రతి ఆట ఫలితమూ జాతీయ ర్యాంకుల లెక్కలో చేరుతుంది. అగ్రశ్రేణి విభాగంలో ఇటీవలి సీజన్లలో జాతీయ పోటీలకు ఇరవై జట్లు ఎంపికవుతున్నాయి. పది ప్రాంతాలకు ఒక్కొక్క స్థానం సహజంగా దక్కుతుంది. తక్కిన పది స్థానాలు ఏయే ప్రాంతాలకు చెందాలో సీజను పొడవునా కూడబెట్టిన ర్యాంకులే నిర్ణయిస్తాయి.

ఈ లెక్కలో కొన్ని వివేకవంతమైన అంశాలున్నాయి. ఎంత తేడాతో గెలిచారన్నది ముఖ్యమే గాని, దానికి ఒక హద్దు ఉంది. 15-7తో గెలిచినా, 15-2తో గెలిచినా లభించే ఫలం ఒక్కటే. ఓడిపోతున్నవారిని మరింత అణచడం వల్ల లాభం లేదు. బలవంతులతో పోరాడి ఓడినవారికి కూడా తగిన విలువ ఉంది. 1500 పాయింట్ల స్థాయిలో ఉన్న జట్టు 2000 పాయింట్ల జట్టుతో తలపడి 14-15తో ఓడిందనుకుందాం. ఆ ఆటకు దానికి 1875 పాయింట్ల విలువ లభిస్తుంది. అంటే ఆ ఓటమి జట్టును పైకి లేపుతుంది. సీజను తొలి ఆటల కంటే చివరి ఆటలకు ఎక్కువ విలువ ఇవ్వడం వల్ల క్రమంగా మెరుగుపడిన జట్టుకు కూడా న్యాయం జరుగుతుంది.

నిజం నిలకడ మీద తెలుస్తుందన్న సామెత ఇక్కడ సార్థకమవుతుంది. ఒకనాటి గాలివాన, ఒక ఆటగాడి కాలి బెణుకు ఒక ఆటను తారుమారు చేయగలవు. సీజను మొత్తాన్నీ చేయలేవు. ఒక్కరోజు ప్రవేశపరీక్షలో జ్వరం వల్ల వెనుకబడిన విద్యార్థి బాధ ఎరిగినవారికి ఈ పద్ధతిలోని ఔదార్యాన్ని వేరుగా వివరించనవసరం లేదు.

అయితే ఈ పద్ధతి మీద రెండు ఆక్షేపణలున్నాయి. ప్రతి గోలూ లెక్కకు వచ్చేటప్పుడు మనిషి మనసు చలించకుండా ఉంటుందా అన్నది మొదటిది. స్కోరు 14-14గా ఉన్నప్పుడు జరగని తప్పును జరిగిందని చెబితే నేలపాలైన డిస్కు తిరిగి చేతికి రావచ్చు. ఆ ఒక్క గోలు ర్యాంకును, ర్యాంకు జాతీయ పోటీల స్థానాన్ని ప్రభావితం చేయవచ్చు. ఈ కారణంగానే పెద్ద పోటీల్లో పరిశీలకులను నియమిస్తున్నారు. వారు గీతలు, సమయం వంటి విషయాలు చూస్తారు. తప్పుల విషయంలో మాత్రం ఆటగాళ్ళు తమలో తాము తేల్చుకోలేక అడిగినప్పుడే తీర్పు చెబుతారు. సంపూర్ణాధికారం గల న్యాయనిర్ణేతలనే పెట్టాలని కొందరు వాదిస్తారు. కాని పరీక్ష ఎదురైనప్పుడు నిలిచినదే నిజాయితీ. ప్రలోభం లేనిచోట సత్యం పలకడంలో గొప్పతనమేమీ లేదు.

రెండవ ఆక్షేపణ మరింత బలమైనది. అత్యధిక కళాశాలల్లో ఇది విద్యార్థులు తామే నడుపుకొనే క్లబ్బు ఆట. ప్రయాణపు ఖర్చులు చాలావరకు వారే భరించాలి. దూరప్రాంతాలకు వెళ్ళి బలమైన జట్లతో ఆడగలిగినవారికి పాయింట్లు పెంచుకొనే అవకాశాలు ఎక్కువ. పేద జట్టు నిలకడ ఇంటి దగ్గరే మరుగునపడిపోయే ప్రమాదముంది. సమీప ప్రాంతాల్లో వంతులవారీగా బలమైన టోర్నమెంట్లు నిర్వహించడమే ఇందుకు తగిన మందు.

ఈ ఆటలో మరొక లెక్క కూడా ఉంది. ఆట ముగిశాక ప్రతి జట్టూ ఎదుటి జట్టు ప్రవర్తనకు మార్కులు వేస్తుంది. నియమాల పరిజ్ఞానం, శరీర స్పర్శ నివారణ, నిష్పాక్షికత, ఆత్మనిగ్రహంతో కూడిన సుహృద్భావం, సంభాషణ అనే ఐదు అంశాలకు ఒక్కొక్కదానికి 0 నుండి 4 వరకు మార్కులుంటాయి. ఈ మార్కులను కూడా ర్యాంకుల్లో కలపాలన్న సూచన మొదట ఆకర్షణీయంగా తోస్తుంది. కాని కలిపిననాడు ప్రత్యర్థి ర్యాంకును తగ్గించే ఆయుధం ప్రతి జట్టు చేతికీ చిక్కుతుంది. శీలాన్ని కొలవడానికి పుట్టిన మార్కు శీలాన్ని చెరచే సాధనమవుతుంది. కాబట్టి ఆ రెండు లెక్కలూ వేరుగా ఉండడమే మంచిది. అయితే విజేత కప్పుకు దక్కే గౌరవమే ఉత్తమ ప్రవర్తన బహుమతికీ దక్కాలి.

ఈ పద్ధతిలో గమనింపదగిన మరో విశేషముంది. ర్యాంకుల ద్వారా సంపాదించిన అదనపు స్థానం ఆ జట్టుకు కాక, ఆ జట్టు ఉన్న ప్రాంతానికి చెందుతుంది. ప్రాంతీయ పోటీలో ఓడితే ఆ స్థానాన్ని పొరుగు కళాశాల అందుకుంటుంది. ఇది అన్యాయమని తోచవచ్చు. కాని తన శ్రమ తన ప్రత్యర్థికి సైతం దారి చూపగలదని తెలిసిన జట్టు, ఆ ప్రత్యర్థిని శత్రువుగా చూడడం కష్టం.

భారతదేశంలో కూడా చెన్నై, బెంగళూరు, హైదరాబాదు వంటి నగరాల్లో యువతీయువకులు ఒకే జట్టులో కలిసి ఈ ఆట ఆడుతున్నారు. ఒక డిస్కు, ఒక ఖాళీ మైదానం ఉంటే చాలు గనుక మన కళాశాలలకు ఇది భారం కాదు. జిల్లా పరిధిలోని కళాశాలలు కలిసి ఏడాది పొడవునా ఇటువంటి పోటీలు నడుపుకోవచ్చు. ఆనాడు పాయింట్ల పట్టికను శ్రద్ధగా రాయాలి. దాని పక్కనే ప్రవర్తన పట్టికను కూడా అంతే శ్రద్ధగా రాయాలి. తాను చేసిన తప్పును ఎవరూ చూడకపోయినా ఒప్పుకొనే విద్యార్థి ఆ రెండవ పట్టికలో కనిపిస్తాడు. సమాజానికి అతని అవసరం ఆటస్థలంలో కంటే వెలుపలే ఎక్కువ.