గేమ్స్ వర్క్‌షాప్ పట్ల అభిమానం, అసమ్మతి: సర్వసభ్య సమావేశ తీర్మానం

బల్లపై మినియేచర్లతో యుద్ధక్రీడలు ఆడే బ్రిటన్ క్రీడాకారుల ఈ సంఘం, సర్వసభ్య సమావేశంలో చర్చించి కింది తీర్మానాన్ని ఆమోదించింది.

1. సమావేశం గుర్తిస్తున్నదేమనగా: 1975లో లండన్‌లో ముగ్గురు మిత్రులు ప్రారంభించిన గేమ్స్ వర్క్‌షాప్ 1983లో వార్‌హామర్ ఆటను, 1987లో వార్‌హామర్ 40,000 ఆటను తెచ్చింది. బొమ్మలు అతికించి, రంగులద్ది, ఎదురెదురుగా కూర్చొని ఆడే అలవాటు ఈ సంఘ సభ్యుల్లో అనేకులకు ఆ ఆటల వల్లనే అబ్బింది.

2. సమావేశం విచారిస్తున్నదేమనగా: 2011లో లోహపు బొమ్మల స్థానంలో ఫైన్‌కాస్ట్ అనే రెసిన్ బొమ్మలు వచ్చాయి. కత్తి మొనలో గాలి బుడగలు, వంగిన ఈటెలు ఉన్న బొమ్మలు ఆటగాళ్లకు చేరాయి. బుడగలను పుట్టీతో పూడ్చి, వంగినవాటిని వేడినీళ్లలో ముంచి సరిచేసుకునే పని కొన్నవారి నెత్తిన పడింది.

3. సమావేశం ఆక్షేపిస్తున్నదేమనగా: అదే ఏడాది యూరప్ వ్యాపారులు సంస్థ సరుకును యూరప్ బయటి దేశాలకు పంపరాదన్న నిబంధన వచ్చింది. దాంతో ఆస్ట్రేలియా ఆటగాళ్లకు చౌకగా కొనే దారి మూసుకుపోయింది.

4. సమావేశం మరింత విచారిస్తున్నదేమనగా: 2015లో పాత వార్‌హామర్‌ను ఆపి, సేనల బలాన్ని సరితూచే పాయింట్ల లెక్క లేకుండానే ఏజ్ ఆఫ్ సిగ్మార్ ఆటను విడుదల చేశారు. కొత్త ఆట గుండ్రటి బేస్‌లకు మారడంతో, చతురస్రపు బేస్‌లపై ఏళ్ల తరబడి కూర్చిన సేనలు ఒక్కసారిగా పాతబడ్డాయి.

5. సమావేశం హర్షిస్తున్నదేమనగా: 2016లో పాయింట్లు, 2024లో ది ఓల్డ్ వరల్డ్ ఆటతో చతురస్రపు బేస్‌లు తిరిగి వచ్చాయి. ఆటగాళ్లు పట్టు విడవకుండా అడగడం వృథా కాలేదని సమావేశం అభిప్రాయం.

6. సమావేశం నిరసిస్తున్నదేమనగా: అభిమానులు తీసే యానిమేషన్ చిత్రాలను 2021లో సంస్థ ప్రకటించిన నియమాలు పూర్తిగా నిషేధించాయి. సొంత ఖర్చుతో ఆటకు ప్రచారం చేసేవారిని దూరం చేసుకోవడం విజ్ఞత కాదు.

7. సమావేశం తీర్మానిస్తున్నదేమనగా:

(అ) ఆట వేరు, సంస్థ నడిపే తీరు వేరు. ఈ సంఘం ఆటకు అభిమానిగానే కొనసాగుతుంది. తప్పు కనిపించినప్పుడు మౌనం వహించదు.

(ఆ) సంఘం నిధులతో ఏ బొమ్మనూ ముందస్తుగా బుక్ చేయరాదు. విడుదలయ్యాక చూసి, ధర తూచి కొనాలి.

(ఇ) పాత సంచికల నియమాలకు, ఏ ఆకారపు బేస్‌కైనా, ఇతర సంస్థల బొమ్మలకు సంఘం బల్లలపై సమాన స్థానం ఉంటుంది.

(ఈ) ధరలపై కోపాన్ని దుకాణాల్లో పనిచేసే సిబ్బందిపై చూపరాదు. ఆట మానినవారిని గానీ, కొనసాగేవారిని గానీ ఎద్దేవా చేయరాదు.

8. ఈ తీర్మానం ప్రతిని నాటింగ్‌హామ్‌లోని సంస్థ ప్రధాన కార్యాలయానికి పంపవలసిందిగా కార్యదర్శిని సమావేశం ఆదేశిస్తున్నది.

తీర్మానాన్ని సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించారు.