మిట్టమధ్యాహ్నం టవరు ఆగకూడదు

పల్నాడులో పద్నాలుగేళ్లు సెల్ టవర్ల మీద ఫీల్డ్ టెక్నీషియన్‌గా తిరిగాను. పిడుగురాళ్ల, దాచేపల్లి, గురజాల, మాచర్ల, రెంటచింతల. రెంటచింతల పేరు చెబితే ఎండ గుర్తొస్తుంది ఎవరికైనా. ఆ ఎండలో టవరు కిందున్న షెల్టర్ గది తలుపు తీసి లోపలికి వెళ్లినవాడిగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఒక మే నెల మధ్యాహ్నం, రెండు దాటింది. పొద్దుటి నుంచి కరెంటు లేదు. జనరేటర్‌కు డీజిల్ తెచ్చే బండి రాలేదు. నా ఫోనుకు హై టెంపరేచర్ అలారాలు వరసపెట్టి వస్తున్నాయి. వెళ్లి తలుపు తీస్తే సున్నపుబట్టీ ముందు నిలబడ్డట్టు వేడి ముఖాన కొట్టింది. గోడ మీద థర్మామీటరు 51 చూపిస్తోంది. బ్యాటరీ బ్యాంకులో 24 సెల్స్ ఉంటే రెండింటికి పొట్ట ఉబ్బిపోయింది. నేను చూస్తుండగానే సైటు డౌన్ అయింది.

కాసేపటికి ఒక కుర్రాడు సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. ‘అన్నా, సిగ్నలెప్పుడొస్తది? మా నాయనమ్మ ఉపాధి పని నుంచొచ్చి వాకిట్లో పడిపోయింది. 108కి ఫోన్ కలవట్లా.’ అప్పటికే చెరువుకట్ట ఎక్కి చూశాడట. నా బండి మీద ఎక్కించుకుని రెండు కిలోమీటర్లు పోయాక పక్క టవరు సిగ్నలు దొరికింది, ఫోను కలిసింది. ఆ పెద్దమ్మ బతికింది. ఆ ఫోను కలవడానికి పట్టిన నలభై నిమిషాలను మాత్రం నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

వడదెబ్బ తగిలేది ఆ వేళకే. టవరు పడిపోయేదీ ఆ వేళకే. ఈ రెంటికీ కారణం ఒకటే అయినప్పుడు దాన్ని ముందే కనిపెట్టి సర్దుకోవచ్చు కదా అన్నదే నా బాధ.

లోపల జరిగేది చెబుతాను. టవరు పరికరాలు 48 వోల్టుల డీసీ మీద నడుస్తాయి. కరెంటు పోతే బ్యాటరీలు వాటిని నడిపిస్తాయి. గదిని చల్లబరిచే ఏసీకి మాత్రం 230 వోల్టులు కావాలి. దానికి బ్యాటరీ ఆసరా లేదు. కరెంటు పోగానే ఏసీ ఆగిపోతుంది, పరికరాలు వేడి కక్కుతూనే ఉంటాయి. మూసి ఉన్న గది, బయట 45 డిగ్రీల ఎండ. గంట గడవకముందే లోపల ఉడికిపోతుంది. అందుకని బ్యాటరీలో ఇంకా చార్జి ఉన్నా, కేవలం గదిని చల్లబరచడానికి జనరేటర్ వేసేవాళ్లం. గంటకు రెండు, రెండున్నర లీటర్ల డీజిల్ తాగేది. లీటరు డీజిల్ కాలితే దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఎండ వల్ల వచ్చిన ఉక్కను తగ్గించడానికి ఎండను ఇంకా పెంచే పొగ వదులుతున్నాం.

వేడికి ముందు బలయ్యేది బ్యాటరీ. మన దగ్గర వాడే లెడ్ యాసిడ్ బ్యాటరీల ఆయుష్షును 27 డిగ్రీల దగ్గర లెక్కగడతారు. ఆపైన ప్రతి పది డిగ్రీలకు ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. ఎనిమిదేళ్లు రావాల్సిన బ్యాంకును మూడో వేసవికే దింపి లారీకెక్కించిన రోజులున్నాయి. లిథియం బ్యాటరీలు కొంత ఓర్చుకుంటాయి గానీ, వాటికీ వేడి పడదు.

ఇక డీజిల్‌కు బదులు సోలార్ సంగతి. ఊరి దీపాలకు సోలార్ అంటే రాత్రికి దాచుకోవాలన్న చిక్కు ఉంది. షెల్టర్ ఏసీకి ఆ చిక్కే లేదు. చల్లదనం ఎక్కువగా కావాల్సింది పదకొండు నుంచి నాలుగున్నర దాకా. ప్యానెల్ బాగా పనిచేసేదీ అప్పుడే. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు పెడితే మూడు కిలోవాట్లు దాటుతుంది. వేడికి ప్యానెల్ సత్తువ కూడా తగ్గుతుంది, ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున. అది తీసేసినా ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీకి సరిపోను మిగులుతుంది. 48 వోల్టుల డీసీతోనే నడిచే ఏసీలూ వచ్చాయి. ఆ ఆరు ప్యానెళ్లను గది కప్పుకు జానెడు ఎత్తులో, పడమటి గోడ మీదికి చూరులా వాలేటట్టు బిగిస్తే, కరెంటు మాట దేవుడెరుగు, ముందు గదికి నీడ దొరుకుతుంది. పందిరి విలువ తెలియని ఊరుందా మనకు?

ఏసీ ఎందుకు, బయటి గాలిని లోపలికి లాగే ఫ్యాన్లు చాలంటారు కొందరు. రాత్రిళ్లు, చలికాలం అవి భేషుగ్గా పనిచేస్తాయి. కానీ మే నెలలో బయటి గాలే నిప్పు. పైగా పిడుగురాళ్ల వైపు సున్నపు దుమ్ముకు ఆ ఫ్యాన్ల ఫిల్టర్లు వారం తిరక్కుండా మూసుకుపోయేవి. ప్యానెళ్ల మీదా ఆ దుమ్ము పడుతుంది, ఒప్పుకుంటాను. పదిహేను రోజులకోసారి తెల్లవారుజామున రెండు బిందెల నీళ్లు, ఒక గుడ్డ, ఊళ్లో ఒక మనిషికి కొంత జీతం. డీజిల్ బండి తిప్పడం కంటే అది తేలిక.

కొత్త టవర్లకు గదే లేదు, పరికరాలు ఆరుబయటే 55 డిగ్రీల దాకా తట్టుకుంటాయి అన్నది ఇంకో మాట. సిగ్నలు పంపే రేడియో పెట్టె తట్టుకుంటుంది, నిజం. దాని కిందే ఇనప క్యాబినెట్లో ఎండకు మాడుతున్న బ్యాటరీ మాటేమిటి? ఆ ఒక్క క్యాబినెట్‌ను చల్లగా ఉంచడానికి చిన్న కూలింగ్ యూనిట్, రెండు ప్యానెళ్లు చాలు.

ఇది కొత్త ఆలోచన కాదు. 2015 నాటికి గ్రామీణ టవర్లలో 50 శాతం, 2020 నాటికి 75 శాతం పునరుత్పాదక విద్యుత్తును కలుపుకుని నడవాలని 2012 జనవరిలోనే కేంద్ర టెలికాం శాఖ ఆదేశించింది. గడువు తీరి ఏళ్లయింది. నేను తిరిగిన సైట్లలో ప్యానెళ్లున్నవాటిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మావోయిస్టు ప్రభావిత అడవుల్లో రెండు వేలకు పైగా టవర్లను సోలార్ మీద నిలబెట్టిన దేశం మనది. కరెంటు తీగ పోని అడవిలో చేయగలిగినది రోడ్డు పక్క ఊళ్లో చేయలేమా?

ఏటా ఎండలు ముదరకముందే కలెక్టర్లు వేసవి ప్రణాళిక మీద సమీక్ష పెడతారు. చలివేంద్రాలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, నీళ్ల ట్యాంకర్లు అన్నీ అందులో ఉంటాయి. అయ్యా, ఆ జాబితాలో ఇంకొక్క వరుస చేర్చండి. మండలంలో ఏ టవర్లు నిరుడు మే నెల మధ్యాహ్నాల్లో ఎన్ని గంటలు ఆగాయో కంపెనీల నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఎక్కువగా ఆగినవాటికి వచ్చే మార్చిలోగా సోలార్ కూలింగ్ పెట్టించండి.