ఏటీఎం గదికున్న తెలివి

ఏటీఎంలో తలెత్తి చూస్తే చాలాచోట్ల రెండు ఏసీలు, పక్కన గోడకు చిన్న టైమర్ పెట్టె కనిపిస్తాయి. ఒక ఏసీ కొన్ని గంటలు నడిచాక ఆ పెట్టె దాన్ని ఆపి రెండోదాన్ని నడిపిస్తుంది. మనిషి చెయ్యి పడక్కర్లేదు. సూర్యాపేటలోనో, కోదాడలోనో మూడంతస్తుల బట్టల షోరూంలో వ్యవహారం వేరు. పొద్దున షట్టర్ ఎత్తగానే కుర్రాడు ఏసీల రిమోట్లన్నీ 18 డిగ్రీలకు నొక్కి వస్తాడు. పైఅంతస్తులో పట్టుచీరలు చూసేవాళ్లు ఒక్కరూ లేకపోయినా రాత్రిదాకా ఆ ఏసీలు ఆగవు. అద్దాల తలుపు మాత్రం బార్లా తెరిచే ఉంటుంది, గిరాకీ రావాలిగా!

18 పెడితే గది తొందరగా చల్లబడుతుందన్నది ఉత్త భ్రమ. ఇన్వర్టర్ లేని ఏసీలో కంప్రెసర్‌కు ఒకటే వేగం. 24 పెడితే మధ్యమధ్యలో ఆగుతుంది. 18 పెడితే మే నెల ఎండల్లో ఆగే మాటే ఉండదు. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ లెక్క. అందుకే స్టార్ రేటింగ్ ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని 2020 జనవరి 1 నుంచి నిబంధన పెట్టారు. 20కి తగ్గకుండా, 28కి మించకుండా కట్టడి తెస్తామని 2025 జూన్‌లో కేంద్ర విద్యుత్ మంత్రి మనోహర్‌లాల్ చెప్పారు. మొదటి నిబంధనను ఆరు నొక్కులతో మన కుర్రాడు రోజూ ఓడిస్తున్నాడు. రెండోది వచ్చినా ఖాళీ గదిలో నడిచే ఏసీని ఆపలేదు.

ఆ పని టైమర్లు, మనిషి అలికిడిని పసిగట్టే సెన్సర్లు చేయాలి. గది వేడిని కొలిచే సెన్సర్‌నైతే ఎండపడే గోడకో, తలుపు పక్కనో బిగిస్తే లేనిపోని వేడి చూపించి ఏసీని మరింత పరుగెత్తిస్తుంది. పెద్ద ఆస్పత్రుల్లో డక్టుల ద్వారా గాలి పంపే ఫ్యాన్ల వేగాన్ని అవసరాన్నిబట్టి 20 శాతం తగ్గిస్తే, అవి తాగే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. ఆపరేషన్ థియేటర్ల జోలికి మాత్రం వెళ్లకూడదు. అక్కడ గాలి శుభ్రతే ముఖ్యం.

అన్నిటికన్నా చవకైన పని ఏసీల లైనుకు విడిగా ఒక సబ్‌మీటర్ పెట్టడం. రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు, పొద్దున తెరిచేటప్పుడు రీడింగు రాసుకుంటే, ఆపకుండా వదిలేసిన ఏసీ సంగతి తెల్లారేసరికి బయటపడుతుంది. నెలాఖరు బిల్లులో ఫ్యాన్లు, లైట్లు, లిఫ్టు అన్నీ కలిసిపోతాయి కాబట్టి అందులో ఈ దొంగ దొరకడు. ఒకే సైజు ఏసీలు రెండుంటే, వాటికి విడివిడిగా మీటర్లు పెట్టి చూడాలి. ఒకేలా వాడినా ఒకటి ఎక్కువ యూనిట్లు లాగుతోందంటే ఫిల్టర్ మూసుకుపోవడమో, గ్యాస్ తగ్గడమో జరిగి ఉండవచ్చు. మెకానిక్‌ను అప్పుడే పిలవాలి, గది చల్లబడటం మానేశాక కాదు.

2025 మార్చి 20న తెలంగాణ రాష్ట్ర విద్యుత్ డిమాండ్ 17,162 మెగావాట్లకు చేరింది. యాసంగి వరికి మోటార్లు నడిచే రోజుల్లోనే పట్టణాల్లో ఏసీలూ మొదలవుతాయి. మిర్యాలగూడ దగ్గరి దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రాన్ని కట్టుకున్నాం; అక్కడ మండే బొగ్గులో కొంత ఈ ఖాళీ గదుల పాలే.

కేంద్ర ఇంధన పొదుపు చట్టం కింద భవనాల కోడ్ వర్తించాలంటే 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడ్ లేదా 120 కేవీఏ కాంట్రాక్ట్ డిమాండ్ ఉండాలి. పది పన్నెండు స్ప్లిట్ ఏసీల దుకాణం ఆ గీతకు ఎంతో కిందే ఉండిపోతుంది. కాబట్టి చట్టం కోసం ఎదురుచూడటం దండగ. కలెక్టరేట్లు, ప్రభుత్వ దవాఖానల్లో ఏసీల లైన్లకు ముందు సబ్‌మీటర్లు పెట్టి, నెలనెలా ఆ లెక్కను నోటీసు బోర్డు మీద అంటించవచ్చు. ఆ బిల్లు కట్టేది మనమే.