చట్టం మారింది, మందుచీటీ మారలేదు

1999 వరకు హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అనర్హతల వరుసన, ఉన్మాదం పక్కనే, మూర్ఛవ్యాధి పేరు కూడా ఉండేది. ఆ ఏడాది పార్లమెంటు ఆ మాటను తొలగించింది. చట్టం నుంచి పోయిన మాట పెళ్లిచూపుల నుంచి మాత్రం పోలేదు. జబ్బును దాచి అత్తవారింట అడుగుపెట్టిన యువతి మాత్రలనూ దాచుకుంటుంది. గర్భం దాల్చకముందే వైద్యుణ్ని అడగవలసిన ప్రశ్న ఆ మౌనంలోనే అణగిపోతుంది.

ఆ ప్రశ్న సోడియం వాల్‌ప్రోయేట్ గురించి. మూర్ఛలను సమర్థంగా అదుపుచేసే ఈ మందు జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో ఉంది. కానీ గర్భిణి దీన్ని వాడితే పుట్టే బిడ్డల్లో సుమారు పదిమందిలో ఒకరికి అవయవలోపాలు, 30 నుంచి 40 శాతం మందికి మాట, నడక, జ్ఞాపకశక్తి, బుద్ధివికాసాలలో వెనుకబాటు కలిగే ప్రమాదముంది. మోతాదు పెరిగేకొద్దీ ముప్పూ పెరుగుతుంది. శిశువు వెన్నుపాముకు మూలమైన నాళం తొలి నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. గర్భం దాల్చినట్టు తెలిసేసరికే చాలాసార్లు ఆ గడువు దాటిపోతుంది.

ఫ్రాన్స్‌లో తల్లుల పోరాటం ఫలితంగా 2017లో ప్రభుత్వ పరిహార వ్యవస్థ ఏర్పడింది. బ్రిటన్ 2018లో, గర్భనిరోధక ఏర్పాటు లేకుండా సంతానయోగ్య వయసు మహిళలకు ఈ మందు ఇవ్వరాదన్న కట్టడి తెచ్చింది. బాధిత తల్లుల మాటను వ్యవస్థ ఏళ్ల తరబడి పెడచెవిన పెట్టిందని 2020లో బారోనెస్ కంబర్లెజ్ సమీక్ష తేల్చింది. భారతదేశంలోనూ ఆధారాలకు కొరత లేదు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ 1998 నుంచి మూర్ఛవ్యాధిగ్రస్త గర్భిణుల వివరాలు నమోదు చేస్తూ ఇదే ప్రమాదాన్ని గుర్తించింది. కొరవడింది ఆ జ్ఞానాన్ని పల్లెకు చేర్చే రాజకీయ సంకల్పం.

హెచ్చరిస్తే మహిళలు భయపడి మందు మానేస్తారన్న వాదన ఉంది. ఆ భయం నిరాధారం కాదు. హఠాత్తుగా మందు ఆపితే వచ్చే మూర్ఛలు తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణాంతకం కావచ్చు. కొన్ని రకాల మూర్ఛలకు వాల్‌ప్రోయేటే గట్టి ఆధారం. అందుకే నిషేధం పరిష్కారం కాదు, నిశ్శబ్దం అసలే కాదు. వైద్యుని పర్యవేక్షణలో గర్భానికి ముందే మందు మార్చుకునే వీలుండాలి. లామోట్రిజిన్, లెవెటిరాసెటమ్ వంటి తక్కువ ముప్పున్న మందులు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా నిరంతరం అందాలి. మాత్రల అట్టపై హెచ్చరిక ఆమె చదవగలిగే భాషలో ఉండాలి. ఆశా కార్యకర్త అడిగే ప్రశ్నల్లో, అత్త వినని చోట, ఇదీ ఒకటి కావాలి.

మాతృత్వాన్ని కీర్తించడంలో ఏ పార్టీ వెనుకబడదు. తల్లి కాబోయే స్త్రీకి ఆమె మింగే మాత్ర గురించి నిజం చెప్పడం దగ్గరే ఆ కీర్తనకు పరీక్ష.