యాప్ ఎవరి ఫోనులో ఉంది?

ఈమధ్య ఎవరి గృహప్రవేశానికి వెళ్ళినా పాలు పొంగించాక ఇంకో తంతు కూడా ఉంటోంది. ఇంటాయన ఫోను తీసి హాల్లో లైట్లు ఆర్పుతాడు, వెలిగిస్తాడు, నీలం రంగులోకి మారుస్తాడు, కర్టెన్లు జరుపుతాడు. మనం ఆహా అంటాం. ఇంటావిడ వంటింట్లో కాఫీలు కలుపుతూ ఉంటుంది. ఆ యాప్ మీ ఫోనులో కూడా ఉందా అని నేను ఆవిడని తప్పకుండా అడుగుతాను. చాలాసార్లు ఉండదు. "తనకెందుకండీ, అన్నీ నేను సెట్ చేసేశాగా" అని జవాబు హాల్లోంచి వస్తుంది.

నా పేచీ అంతా ఈ "తనకెందుకు" తోనే. రోజంతా ఆ ఇంట్లో మసిలే మనిషికి లైటు మీద అధికారం లేకపోతే అది స్మార్ట్ హోమ్ ఎలా అవుతుంది?

స్మార్ట్ బల్బునే తీసుకోండి. గోడ మీద స్విచ్చు ఆపేస్తే బల్బుకి కరెంటు అందదు, ఇక ఫోనులో ఎంత నొక్కినా వెలగదు. అందుకని స్విచ్చు ఎవరూ ముట్టుకోకుండా టేపు అంటించిన ఇళ్ళు చూశాను. రాత్రి రెండింటికి బాత్రూముకి లేచిన అత్తగారి చెయ్యి వెతికేది ఆ స్విచ్చునే. స్పీకరుకి చెప్పుకోవచ్చు కదా అంటారు. ఏ భాషలో? అది ఇంగ్లీషో హిందీయో అడుగుతుంది. ఆవిడ తెలుగులో "లైటు వెయ్యవే" అంటే ఏ పాటో వెతికి వినిపిస్తుంది.

దీనికి మందు లేక కాదు. బల్బు మామూలుదే ఉంచి, స్విచ్చుబోర్డు వెనకాల చిన్న రిలే మాడ్యూల్ పెడితే గోడ స్విచ్చూ పనిచేస్తుంది, ఫోనూ పనిచేస్తుంది. కాకపోతే చాలా మాడ్యూళ్ళకి న్యూట్రల్ వైరు కావాలి. మన ఇళ్ళలో అది అన్ని స్విచ్చుబోర్డుల దాకా రాదు. ఇల్లు కట్టేటప్పుడే ప్రతి బోర్డుకీ న్యూట్రల్ లాగమని, బాక్సు కాస్త లోతుది పెట్టమని ఎలక్ట్రీషియన్‌కి చెప్పాలి. నీలం లైట్ల సంబరంలో ఈ మాట ఎవరూ ఎత్తరు.

ఇలా మాట్లాడితే ఆడవాళ్ళకి టెక్నాలజీ అంటే భయం అంటారు. మిక్సీ, వాషింగ్ మెషీను, ఇండక్షన్ స్టవ్వు ఇంట్లోకి వచ్చినప్పుడు వాటిని మచ్చిక చేసుకున్నది ఎవరండీ?

నన్నడిగితే మొదట పెట్టాల్సింది మోటారుకి వాటర్ లెవెల్ కంట్రోలర్. ట్యాంకు నిండగానే మోటారు ఆగిపోతుంది, సంపులో నీళ్ళు అడుగంటినా ఆగిపోతుంది. నీళ్ళు వీధిలోకి పొర్లుతుంటే స్టవ్వు కట్టేసి పరుగెత్తే మనిషికి దాని విలువ తెలుస్తుంది. తర్వాత గీజరుకి టైమరు. రెండు వేల వాట్ల గీజరు దాదాపు తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది కాబట్టి 16 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్గే కొనాలి. ఆరు ఆంపియర్లది పెడితే వేడెక్కి కరుగుతుంది.

ఇంకోటి. ఇంట్లో లైటు వెలగడానికి ఎక్కడో ఉన్న సర్వరు అనుమతి ఎందుకు? అమెరికాలో ఇన్‌స్టియాన్ అనే కంపెనీ 2022 ఏప్రిల్‌లో చెప్పాపెట్టకుండా సర్వర్లు ఆపేసింది, కొన్నవాళ్ళ యాప్‌లు మూగబోయాయి. ఇంట్లోనే ఒక చిన్న కంప్యూటర్ మీద నడిచే హోమ్ అసిస్టెంట్ లాంటివి ఉచితంగా దొరుకుతున్నాయి. నేర్చుకోవడానికి ఓపిక కావాలి, నిజమే. ఇంటర్నెట్ పోయినా ఇల్లు మన మాట వింటుంది.

అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండేది హాల్లో కెమెరా. భద్రత కోసమే అంటారు. పదకొండింటికి ఆఫీసు నుంచి ఫోను: "ఇంకా టిఫిన్ తినలేదా? ఎవరో వచ్చినట్టున్నారే?" దాన్ని ప్రేమ అనుకోవాలట! నాకు తెలిసిన ఒకావిడ తన ఇంట్లో తను కాళ్ళు బార్లా చాపుకుని కూర్చోవడం మానేసింది.

మా ఇంటి కెమెరా గేటు వైపు చూస్తుంది. లోపల కూడా ఒకటి పెడదామని మా ఆయన అన్నప్పుడు, "ముందు మీ ఆఫీసు టేబుల్ మీద ఒకటి పెట్టించి ఆ యాప్ నాకివ్వండి" అన్నాను. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.